బీరువా మీద సీపాప్

హాస్టల్లో గురక పెట్టేవాడంటే అందరికీ జోకే. వాడికో పేరు పెడతాం, ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో వేస్తాం, రూమ్ మార్చమని వార్డెన్ దగ్గరికి వెళ్తాం. ఇళ్లల్లో ఇంకో రకం. "గుర్రెడతన్నాడంటే ఒళ్లెరగని నిద్దరన్నమాట, లేపకండి" అంటుంది మా నాయనమ్మ. మొత్తానికి రెండుచోట్లా గురక అంటే నిద్ర బాగా పట్టిందనే లెక్క.

నిజానికి వినాల్సింది గురకని కాదు, దాని మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని. గురక పెడుతూ పెడుతూ మనిషి ఒక్కసారి ఆగిపోతాడు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి ముప్ఫై. ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఆ మనిషి పెద్ద చప్పుడుతో గాలి లాక్కుని మళ్లీ గురకలో పడతాడు. పొద్దున్న అడిగితే ఇవేవీ గుర్తుండవు. దీన్నే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. కనీసం పది సెకన్లపాటు శ్వాస ఆగిపోవడం గానీ బాగా తగ్గిపోవడం గానీ గంటకి ఎన్నిసార్లు జరిగిందో లెక్కేస్తే వచ్చే అంకె పేరు ఏహెచ్ఐ. పెద్దవాళ్లలో 5 లోపుంటే మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మా బాబాయి రిపోర్టులో 46 ఉంది. ఏడు గంటల నిద్రకి లెక్కేసుకుంటే 322 సార్లు.

2022 ఫిబ్రవరిలో బప్పీ లహిరి చనిపోయినప్పుడు ముంబై డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు పేరుంది. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలకి చిందులేసిన మనవాళ్లు కూడా ఆ రెండ్రోజులు టీవీలో ఆ పేరు విన్నారు, తర్వాత మర్చిపోయారు. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనేది ఇంకో నమ్మకం. బరువు పెద్ద కారణమే, కాదనను. కానీ దవడ చిన్నగా ఉన్న సన్నటివాళ్లకీ వస్తుంది. ఆడవాళ్ల విషయంలో అయితే అసలు అనుమానమే రాదు. పొద్దున్నే తలనొప్పి, రోజంతా నీరసం, రాత్రి నిద్ర పట్టట్లేదు అని అమ్మ చెప్తే "పనెక్కువైంది" అని మనమే తేల్చేస్తాం.

జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకి డాక్టర్లు ముందుగా చెప్పే వైద్యం సీపాప్. 1980లో సిడ్నీ యూనివర్సిటీలో కోలిన్ సలివాన్ అనే డాక్టరు దీన్ని మొదటిసారి వాడి చూశాడు. 1981లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. అప్పట్లో గాలి ఊదడానికి వాడింది వాక్యూమ్ క్లీనర్ మోటారు. మెకానికల్ బ్రాంచివాళ్లు కాలరెగరేసుకోవచ్చు. ఇప్పటి మెషీన్ బల్ల మీద టిఫిన్ బాక్సంత ఉంటుంది గానీ లోపల సంగతి అదే: ఒక బ్లోయరు, దాని ముందు ఫిల్టరు, వెనక నీళ్ల డబ్బా, తర్వాత ట్యూబు, చివర మాస్కు. ఇది ఆక్సిజన్ సిలిండర్ కాదు. గదిలో ఉన్న గాలినే కాస్త ప్రెజర్‌తో గొంతులోకి పంపి, దారి మూసుకుపోకుండా నిలబెడుతుంది. ఆ ప్రెజర్ 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం దాకా ఉంటుంది. గ్లాసులో పది సెంటీమీటర్ల లోతుకి స్ట్రా ముంచి బుడగలు రావడానికి ఎంత గట్టిగా ఊదాలో, పది సెంటీమీటర్లంటే అంత. వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా కాదు. ఆ మాత్రం గాలి రాత్రంతా ఆగకుండా, మాస్కు పక్కల నుంచి కారిపోకుండా అందాలి. కష్టమంతా అక్కడే ఉంది.

ముప్ఫై, నలభై వేలు, అంతకు మించీ పోసి కొన్న ఈ మెషీన్లు బీరువాల మీదకి ఎక్కిపోతున్నాయి. మా చుట్టాల్లోనే రెండిళ్లల్లో చూశాను. ఎందుకు ఆపేశారని అడిగితే ఒకటే మాట, "మాకు పడలేదు" అని. మందు పడలేదన్నట్టు! నేను ఒప్పుకోను. మాస్కు సైజు తేడా ఉంటుంది, సిలికాన్‌కి మొహం జిడ్డు పట్టి జారుతుంది, కళ్లలోకి గాలి కొడుతుంది, ట్యూబులో నీళ్లు చేరి గుడగుడమంటాయి, ఫిల్టరు మట్టి కొట్టుకుపోతుంది. ఇలా నడిపితే ఏ మెషీనూ ఎవరికీ పడదు. స్టీల్‌ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి కదా, వాటికి గాలి ఎలా ఊదుతారో ట్రైనింగ్‌కి వెళ్లొచ్చినవాళ్లు గంటసేపు చెప్తారు. ఇంట్లో నాన్న గొంతులోకి గాలి ఊదే బ్లోయరుకి ఫిల్టరు ఎప్పుడు మార్చారో మాత్రం ఎవరికీ తెలీదు. అమ్మిన షాపువాడు పది నిమిషాలు చూపించి వెళ్లిపోతాడు. డాక్టరుకి టైముండదు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఈ పని వాళ్లది. ఇదే నా వాదన.

పైగా ఆ మాన్యువల్ రాసినవాడు విశాఖలో కూర్చుని రాయలేదు. పోర్టు బొగ్గు, ముడి ఇనుము దుమ్ము గురించి జ్ఞానాపురం, పాతపోస్టాఫీసు, మల్కాపురం వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలు పెడితే నల్లగా అంటుతుంది. అదే గాలిని ఈ బ్లోయరు రాత్రంతా లాగుతుంది. కాబట్టి ఫిల్టరు విషయంలో పుస్తకంలో రాసిన గడువు మీద ఆధారపడొద్దు. కొత్త ఫిల్టరు ఒకటి పక్కన పెట్టుకుని వారానికోసారి పాతదాన్ని తీసి రంగు పోల్చి చూడండి. బూడిదరంగు తిరిగితే మార్చేయడమే. నల్లటి స్పాంజి రకం కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టుకోవచ్చు. తెల్లటి కాగితంలాంటి రకాన్ని కడగకూడదు. మా పిన్ని దాన్ని సబ్బుతో ఉతికి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. అంత ప్రేమగా ఉతికినా పారేయక తప్పలేదు. మెషీన్ని కిటికీ పక్కన, నేల మీద పెట్టకండి. అలాగని మంచం కన్నా ఎత్తులోనూ వద్దు, ట్యూబులో చేరిన నీళ్లు మొహం మీదకి జారతాయి.

నీళ్ల గోల ఇంకొకటి. డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు. మనవాళ్లు ఏం చేస్తారంటే, బోరు నీళ్లు పోస్తారు. వారం తిరక్కుండా అడుగున తెల్లటి పొర గట్టిపడుతుంది. కాచి చల్లార్చితే సరిపోతుందనుకుంటారు గానీ, కాచితే క్రిములు చస్తాయి తప్ప ఉప్పు, సున్నం పోవు. ఇంకొందరు ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే క్యాన్ తెచ్చి పోస్తారు. అది బ్యాటరీ కోసం తయారుచేసింది, మనిషి పీల్చడానికి కాదు. మందుల షాపులో అడిగితే దొరుకుతుంది, లేకపోతే తెప్పిస్తారు. ఏ నీళ్లయినా రాత్రి మిగిలినవి పొద్దున్నే పారబోయాలి. నిన్నటి నీళ్ల మీదే ఇవాళ్టివి పోయడం అసలు వద్దు. మాస్కు మెత్తని భాగం రోజూ తుడవాలి. ట్యూబు, డబ్బా, మాస్కు వారానికోసారి గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. డెట్టాల్, స్పిరిట్ జోలికి వెళ్లొద్దు. ఆ వాసన రాత్రంతా ముక్కులోకే కదా పోయేది!

ఇక తేమ. థర్మోలో చదువుకున్న డ్యూ పాయింట్ ఇక్కడ పనికొస్తుంది. మన ఊళ్లో గాలి ఎలాగూ తడిగానే ఉంటుంది. మెషీన్ దానికి ఇంకాస్త వేడి, తేమ కలిపి పంపితే, ఏసీ గదిలో చల్లబడిన ట్యూబు గోడ మీద అదంతా నీళ్లైపోతుంది. బాబాయి అర్ధరాత్రి "మొహం మీద వాన పడతంది" అని మాస్కు పీకేసింది ఇందుకే. హ్యుమిడిఫైయర్ సెట్టింగ్ రెండు మెట్లు తగ్గించి, ట్యూబుకి పాత కాటన్ చీరతో తొడుగు కుట్టించాం. వాన ఆగింది. ఇలాంటి సౌకర్యం సెట్టింగులు మనం మార్చుకోవచ్చు. ప్రెజర్ మాత్రం డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు, యూట్యూబ్‌లో ఎవరెంత ధైర్యం చెప్పినా సరే.

వేడి, తేమ మెషీన్ లోపల కూడా పని చేస్తాయి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లక్షల సంఖ్యలో తన మెషీన్లని వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గడానికి లోపల అతికించిన పాలియురెథేన్ ఫోమ్ పాడై, పొడిగా రాలి, ఆ పొడి పీల్చే గాలిలో కలిసే ప్రమాదం ఉందని తేలింది. వేడి, తేమ ఎక్కువున్న చోట్ల ఈ సమస్య పెరగొచ్చని, ఓజోన్‌తో శుభ్రం చేసే పరికరాలు కూడా దాన్ని పెంచుతాయని కంపెనీయే చెప్పింది. సముద్రం పక్కన బతికేవాళ్లం, ఆ మాట మనం పట్టించుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుందని కొనేముందు మోడలు, సీరియల్ నంబరు చూసి, అది ఆ జాబితాలో ఉందేమో వెతకండి. ఐదు నిమిషాల పని.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మనలో చాలామంది చిన్నపిల్లలం. రోజుల తరబడి కరెంటు లేదని మాత్రం అందరికీ గుర్తే. అలాంటప్పుడు హ్యుమిడిఫైయర్ హీటరు ఆపేస్తే మెషీన్ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఎక్కువే అనుకుని 20 వాట్లు వేసుకుందాం, ఎనిమిది గంటలకి 160 వాట్ అవర్లు. ఇంట్లో 12 వోల్టుల, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో పేరుకి 1800 ఉంటాయి. అందులో సగమే వాడినా, ఇన్వర్టర్ తినేది తీసేసినా, ఫ్యాన్లూ టీవీ పెట్టకపోతే మూడు నాలుగు రాత్రులు గడుస్తాయి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమైతే మంచిది. తుఫాను కబురు వచ్చినరోజే బ్యాటరీ చూసుకోవాలి, వచ్చాక కాదు.

ఇవన్నీ ఇంట్లో చేసుకోగలిగేవి. ఇంటి బయట ఉన్న చిక్కు వేరు. ఈ ఊరు షిఫ్టుల ఊరు. సీ షిఫ్టు చేసొచ్చినవాడు పొద్దున్న తొమ్మిదింటికి పడుకుంటాడు. "పగలే కదా, కాసేపే కదా" అని మాస్కు పెట్టుకోడు. గొంతుకి పగలూ రాత్రీ తేడా తెలీదు. నిద్ర ఎప్పుడైతే మెషీన్ అప్పుడే, మధ్యాహ్నం కునుక్కి కూడా.

మా బాబాయి గాజువాక వైపు ఒక యార్డులో క్రేన్ ఆపరేటరు. రిపోర్టు వచ్చినరోజు డాక్టరు చెప్పింది విన్నాక ఆయన మొదట అడిగింది జబ్బు గురించి కాదు, ఈ కాగితం కంపెనీకి వెళ్తుందా అని. నేను నచ్చజెప్పబోతే, "ఒరేయ్, మెడికల్లో ఇది రాయించుకుంటే కేబిన్లోంచి దింపేసి గేటు కాడ కూకోబెడతారు. ఓటీ పోద్ది. మీ చెల్లి ఫీజు నువ్వు కడతావేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కానీ అవతలి పక్క చూడండి. 2013 డిసెంబరు 1న న్యూయార్క్‌లో ఒక లోకల్ రైలు గంటకి 30 మైళ్ల వేగంతో తిరగాల్సిన వంపులోకి 82 మైళ్ల వేగంతో వెళ్లి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. డ్రైవరు కునుకు తీశాడు. అతనికి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందని ఆ ప్రమాదం తర్వాత చేసిన పరీక్షల్లో బయటపడింది. అంతకుముందు అతనికీ తెలీదు, రైల్వేకీ తెలీదు. దీన్ని చూపించి "అందుకే అలాంటివాళ్లని దింపేయాలి" అనేవాళ్లున్నారు. నాకు సరిగ్గా తలకిందులుగా కనిపిస్తుంది. దింపేస్తారన్న భయం ఉన్నన్నాళ్లూ ఎవడూ పరీక్షకి రాడు. పరీక్షకి రానివాడే ప్రమాదం. రోజూ మాస్కు పెట్టుకునేవాడికి మెషీనే సాక్ష్యం. ఏ రాత్రి ఎన్ని గంటలు వాడాడు, ఎంత గాలి లీకైంది, శ్వాస ఇంకా ఎన్నిసార్లు ఆగుతోంది, అన్నీ అందులో రికార్డవుతాయి. ఆ లెక్క, డాక్టరు సంతకం చూసి కుదురుకున్నవాణ్ణి పనిలో ఉంచాలి. కుదురుకునేదాకా జీతం కోయకుండా వేరే పని ఇవ్వాలి. క్రేన్ వైరు తాడుకి టెస్ట్ సర్టిఫికెట్ అడిగే యార్డులకి ఇది అర్థంకాని విషయం కాదు.

బాబాయి ఏహెచ్ఐ ఇప్పుడు 3 దగ్గరుంది. మూడు నెలల రిపోర్టు నేనే ప్రింటు తీసిచ్చాను. గేట్‌పాస్ పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. రోజూ జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్తున్నాడు. ఇంకా ఎవరికీ చూపించలేదు.