ఇరవై రూపాయలే కదా, అంటారా?

రైతు బజారులో కొత్తిమీర కట్ట పది రూపాయలంటే మనం ఊరుకోం. "మొన్న ఎనిమిదికే ఇచ్చావు కదమ్మా" అంటాం. పూర్ణా మార్కెట్లో చింతపండు తూస్తుంటే కాటా మీంచి కళ్ళు తిప్పం. పాలవాడు రాని రోజుల్ని క్యాలెండరు మీద సున్నా చుట్టి మరీ పెట్టుకుంటాం. అలాంటి మనం, మాల్ సెల్లారులోంచి బండి బయటికి తీసేటప్పుడు గేటు దగ్గర కుర్రాడు "ట్వంటీ మేడం" అంటే మారుమాట లేకుండా తీసి ఇచ్చేస్తాం. వెనకాల నాలుగు బండ్లు హారన్ కొడుతుంటాయి. పిల్లాడు ఐస్‌క్రీం సీటు మీద కార్చుకుంటుంటాడు. పక్కనున్న మనిషి "ఇచ్చెయ్యి, ఇరవై రూపాయలకి రభస దేనికి?" అంటాడు. ఇచ్చేస్తాం.

ఆ ఇరవై గురించి అడగాలా, పోనీలే అని వదిలెయ్యాలా? అడగాలనే నేనంటాను. కాకపోతే ఎవర్ని అడగాలో, ఏది చూపించి అడగాలో, ఎక్కడ అడక్కుండా ఇచ్చెయ్యాలో తెలుసుకుని అడగాలి.

ముందు రూలు సంగతి చెప్పుకుందాం. మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో పార్కింగ్ ఫీజు మీద మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఉన్నది మూడే ముక్కలు. మొదటి అరగంట ఎవరికైనా ఉచితం, ఏమీ కొనకపోయినా సరే. అరగంట నుంచి గంట లోపల అయితే అక్కడ ఏదో ఒకటి కొన్న బిల్లు చూపిస్తే ఉచితం, ఎంత బిల్లయినా సరే. గంట దాటితే, పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ మొత్తానికి కొన్న బిల్లుగానీ సినిమా టికెట్టుగానీ చూపిస్తే అప్పుడూ ఉచితమే. హైదరాబాదులో ఉన్న మన చుట్టాలకి ఇది పాత కథ. తెలంగాణలో దాదాపు ఇదే లెక్కతో 2018 మార్చిలో ఉత్తర్వు వచ్చింది.

అంటే కుటుంబంతో సినిమాకి వెళ్ళి, మూడు గంటలు కూర్చుని, పాప్‌కార్న్ కూడా కొనుక్కుని వచ్చినవాళ్ళు టికెట్టు చూపిస్తే చాలు, పార్కింగ్‌కి విడిగా ఇవ్వక్కర్లేదు. మనలో ఎంతమంది ఆ టికెట్టు గేటు దగ్గర చూపిస్తున్నాం? "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు" అని సామెత. ఇక్కడ పూజారిని మనం అడగనే అడగడం లేదు.

"వాళ్ళ స్థలం, వాళ్ళ ఇష్టం కదా" అనేవాళ్ళున్నారు. స్థలం వాళ్ళదే, కాదనను. కానీ అంత పెద్ద భవనం కట్టాలంటే ఇంత మేర పార్కింగ్‌కి వదలాలని నిర్మాణ నిబంధనలున్నాయి. ఆ జాగా చూపించకపోతే ప్లాను పాసవ్వదు. జనం వస్తారు, బండ్లు తెస్తారు, అవి రోడ్డు మీద పడకూడదనే ఆ షరతు. పర్మిషను కోసం చూపించిన జాగాని తర్వాత మరో కొట్టులా నడపడం నాకైతే న్యాయంగా అనిపించదు.

అవతలివాళ్ళ మాటా వినాలి. సెల్లారులో దీపాలు, కెమెరాలు, కాపలా మనుషులు, వానొస్తే నీళ్ళు తోడే మోటార్లు, వీటన్నిటికీ ఖర్చుంది. పైగా ఊరికే అంటే ఏమవుతుందో మనకి తెలుసు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్లకీ, ఆఫీసులకీ వెళ్ళేవాళ్ళు పొద్దున్నే తెచ్చి మాల్లో పెట్టేసి సాయంత్రం దాకా రారు. అలాంటివాళ్ళ దగ్గర ఫీజు తీసుకోవడం తప్పు కాదు. ఉత్తర్వు కూడా దాన్ని ఆపలేదు. గంట దాటింది, బిల్లు లేదు, అప్పుడు బోర్డు మీద రాసిన రేటు ఇచ్చి రావడమే మర్యాద. మన హక్కు గురించి గట్టిగా మాట్లాడాలంటే ఈ పక్కన కూడా చెయ్యి శుభ్రంగా ఉండాలి.

పోయిన శ్రావణమాసంలో మా వదినా నేనూ జాకెట్ ముక్కల కోసం ఒక మాల్‌కి వెళ్ళాం. లోపలికెళ్ళినప్పుడు స్లిప్పు మీద 11.10. బయటికొచ్చేసరికి 11.55. చేతిలో 640 రూపాయల బిల్లు. గేటు దగ్గర అబ్బాయి ఇరవై అడిగాడు. బిల్లు చూపించాను. "నాకు తెలీదండి మేడం. సాయంత్రం కాంట్రాక్టరుకి లెక్క చెప్పాలి. తగ్గితే నా జీతంలో కోస్తారు" అన్నాడు. మా వదినది శ్రీకాకుళం వైపు. "ఆ గుంటడేటి సేస్తాడే, ఇచ్చీ" అంది.

వదిన మాటలో సగం నిజం. ఆ కుర్రాడేం చేస్తాడు? ఏ పల్లెనుంచో వచ్చి, పన్నెండు గంటలు పొగ పీలుస్తూ నిలబడే పిల్లాడి మీద అరవడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అందుకే ఇరవై ఇచ్చి, రసీదు తీసుకున్నాను. బండి పక్కకి పెట్టి పైన ఆఫీసుకి వెళ్ళాను. "అందరూ ఇస్తున్నారు కదా మేడం" అన్నాడు అక్కడి మేనేజరు. ఫోన్లో ఉత్తర్వు వార్త తీసి, పక్కన బిల్లూ స్లిప్పూ పెట్టాను. అయిదు నిమిషాల్లో ఇరవై తిరిగొచ్చింది. "మీకు ఈసారికి వదిలేస్తున్నాం" అన్నాడు.

నాకు కష్టమనిపించింది ఆ మాటే. వదిలెయ్యడమేమిటి, నాకేదో దానం చేసినట్టు? అడిగినవాళ్ళకి ఇచ్చి పంపేస్తే అడగనివాళ్ళ దగ్గర రోజంతా తీసుకోవచ్చు, అదీ లెక్క. అందుకని ఇంటికొచ్చి ఆ మాల్ వాళ్ళకో ఉత్తరం, జీవీఎంసీకి ఒక ఫిర్యాదు రాశాను. అడిగింది ఒక్కటే, ఉచితం ఎప్పుడో ఫీజు ఎప్పుడో తెలుగులో బోర్డు పెట్టమని. నెల పోయాక వెళ్తే బోర్డు కనిపించింది. స్తంభం చాటున, చిన్న అక్షరాల్లో. అయినా ఉంది.

ఇప్పుడు మన ఇంటి లెక్క. వారానికి రెండుసార్లు ఇరవై చొప్పున కట్టే ఇల్లు అనుకుందాం. నెలకి 160. ఏడాదికి 1920. రెండు గ్యాస్ బండల డబ్బు. అవతలి లెక్క కూడా వేద్దాం. రోజుకి ఒక అయిదొందల బండ్ల దగ్గర ఇవ్వక్కర్లేని ఇరవై తీసుకున్నారనుకుంటే, రోజుకి పదివేలు, నెలకి మూడు లక్షలు. మన వైపునుంచి చూస్తే చిల్లర, అవతలినుంచి చూస్తే ఆదాయం. ఎవరికి వాళ్ళం "ఇరవైయే కదా" అనుకోవడం మీదే ఆ మూడు లక్షలు నిలబడి ఉన్నాయి.

మరి ఎందుకు అడగం? డబ్బు చిన్నదని కాదు, పేరు పోతుందని. మగవాడు అడిగితే "రూల్స్ తెలిసిన మనిషి" అంటారు. ఆడమనిషి అడిగితే "గయ్యాళి". ఇంట్లో పైసా పైసా చూసి సంసారం నడిపితే "లక్ష్మీదేవి" అన్న నోళ్ళే మాల్ గేటు దగ్గర అదే పని చేస్తే "పరువు తీస్తున్నావు" అంటాయి. సంతలో బేరమాడితే గడుసుదనం, అద్దాల మేడలో అడిగితే లేకితనం. నిజానికి కొత్తిమీర అమ్మే ఆవిడ దగ్గర రెండు రూపాయలు తగ్గించడం కంటే ఇక్కడ ఇరవై అడగడమే సబబు. ఆవిడకి ఆ రెండు రూపాయలే లాభం.

కోర్టులకెళ్తే ఏమవుతుంది అంటారా? అన్నిచోట్లా ఒకటే తీర్పు రాలేదు. మాల్స్ పార్కింగ్ ఫీజు వసూలు చెయ్యకూడదని గుజరాత్ హైకోర్టు 2019లో చెప్పింది. కేరళలో కొచ్చి లులు మాల్ కేసులో మాత్రం మున్సిపాలిటీ లైసెన్సుతో వసూలు చేసుకోవచ్చని అక్కడి హైకోర్టు అంది. ఇంగ్లండులో ఒకాయన రెండు గంటలు ఉచితమన్న చోట దాదాపు మరో గంట ఎక్కువ ఉంచితే 85 పౌండ్లు వేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2015లో ఓడిపోయాడు. అక్కడ నిబంధనలు పెద్ద బోర్డుల మీద స్పష్టంగా రాసి ఉండడం ఆయనకి ఎదురు తిరిగింది. కాబట్టి అడిగిన ప్రతివాళ్ళూ గెలుస్తారని కాదు. మన పక్కన రూలుంటే నిలబడాలి, లేకపోతే బోర్డు చదివి లోపలికెళ్ళాలి.

మరో సంగతి. స్లిప్పు వెనకాల "ఓనర్స్ రిస్క్" అని అచ్చేసి ఉంటుంది చూడండి, అది బ్రహ్మరాత కాదు. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో ఒకాయన కారు తాళాలు హోటల్ మనిషికిచ్చి లోపలికెళ్తే కారు పోయింది. తాళాలు తీసుకుని అజాగ్రత్తగా ఉన్నాక టోకెన్ మీది ఆ ముక్క చూపించి తప్పించుకోలేరని మన సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. తాళం ఇచ్చిన చోట స్లిప్పు పారెయ్యకండి.

ఇక చెయ్యాల్సిన పని చాలా తేలిక. లోపలికెళ్ళేటప్పుడు టైము వేసిన స్లిప్పు అడిగి తీసుకోండి. బిల్లు పర్సులో పైకి పెట్టుకోండి. గేటు దగ్గర మర్యాదగా చూపించండి. కాదంటే, వెనకాల బండ్లని ఆపకుండా కట్టేసి, రసీదు తీసుకుని, బోర్డు ఫొటో తీసి, మేనేజరు దగ్గరికి వెళ్ళండి. అక్కడా కాకపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. సోమవారం పీజీఆర్ఎస్‌లో జీవీఎంసీకి అర్జీ ఇవ్వొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్ళొచ్చు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వెయ్యొచ్చు, ఈ-జాగృతిలో ఇంట్లో కూర్చునే దాఖలు చెయ్యొచ్చు. ఇరవై రూపాయలకి అంతదూరం అందరూ వెళ్ళక్కర్లేదు. వెళ్ళే దారి ఉందని అవతలివాళ్ళకి తెలిస్తే చాలు.

ఈ ఉత్తర్వు మాట్లాడేది మాల్స్, మల్టీప్లెక్సుల గురించి. నా మనసుకి ఎక్కువ బాధ కలిగించేది మాత్రం ప్రైవేటు ఆసుపత్రుల గేటు. మా అత్తయ్య ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నప్పుడు రోజుకి రెండుసార్లు కేరియరు పట్టుకుని స్కూటీ మీద వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఇరవై. మొత్తం 360. లక్షల బిల్లు ముందు అదెంత అంటారు. కానీ సినిమాకొచ్చినవాళ్ళకి లేని రుసుము, రోగికి జావ తెచ్చినవాళ్ళకి ఎందుకుండాలి? మాల్‌కి మనం మానేసి ఇంట్లో కూర్చోవచ్చు. ఆసుపత్రికి మానలేం. ఆ మానలేనితనం మీద వసూలు చేసే డబ్బు అది. రోగి సహాయకుడి పాస్ చూపిస్తే ఉచితం అని ఒక్క ముక్క రాస్తే చాలు. దానికి అర్జీలు మనమే పెట్టాలి, కేరియర్లు మోసేది మనమే కాబట్టి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పార్కింగ్ కాంట్రాక్టరు అమ్మ కూడా కాదు. ఈసారి గేటు దగ్గర పర్సు తెరిచేముందు స్లిప్పు మీద టైము చూడండి. అరగంట లోపలైతే బండి స్టార్ట్ చేసి, ఆ అబ్బాయిని చూసి నవ్వి, "ఉచితం కదా బాబూ" అనండి. హారన్లు కొట్టేవాళ్ళని కొట్టనివ్వండి.