ఏ కాలేజీ అన్నది ఎవరి నిర్ణయం?

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు చుట్టాలు మగపిల్లవాడిని "ఏం చదువుతావురా?" అని అడుగుతారు. ఆడపిల్ల పాసైతే ఆమెను కాదు, తండ్రిని అడుగుతారు, "ఇంకా చదివిస్తావా?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడాను పట్టించుకోకుండా అమ్మాయిలకు కాలేజీ చదువుల గురించి చెప్పబోతే, వాలంటీర్లు ఎంత కష్టపడినా సగం పనే జరుగుతుందని నా అభిప్రాయం.

కొన్నేళ్లుగా నేనూ కొందరు మిత్రులూ ప్రభుత్వ హైస్కూళ్లకూ, కస్తూర్బా విద్యాలయాలకూ వెళ్లి పదో తరగతి అమ్మాయిలతో మాట్లాడుతున్నాం. ఇలాంటి పని చేసే సంస్థలు ఇంకా ఉన్నాయి. మామూలుగా జరిగేదేమిటంటే ఒక పూట క్లాసు తీసుకుంటారు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఐటీఐ, పాలిటెక్నిక్ అని బోర్డు మీద రాసి ఒక్కోదాని తర్వాత ఏం చదవచ్చో చెప్తారు. కరపత్రాలు పంచి, "నీకేది ఇష్టమో నువ్వే ఆలోచించుకో" అని వచ్చేస్తారు.

సమాచారం అవసరం లేదని నేననను. పాలిటెక్నిక్‌లో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు కేటాయించారనీ, డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చనీ చాలామందికి తెలియదు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలలో పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారనీ, అక్కడే ఉండి ఆరేళ్లు చదవచ్చనీ తెలియదు. ఫలితాల కోసం చూస్తూ కూర్చుంటే పాలిసెట్ దరఖాస్తు గడువు దాటిపోవచ్చని కూడా తెలియదు. ఇవన్నీ చెప్పాల్సిందే.

కానీ మాతో మాట్లాడిన అమ్మాయిల్లో చాలామందికి తమకేం చదవాలని ఉందో స్పష్టంగానే తెలుసు. అడ్డుపడేవి వేరే. సాయంత్రం క్లాసులయ్యాక ఊరికి బస్సుండదు. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలిగితే అది తమ్ముడికి. టౌనుకు పంపితే ఎవరితో మాట్లాడుతుందోనని భయం. ఆడపిల్ల కాలేజీ ఎంత దూరమో కిలోమీటర్లలో కాదు, పరువుతో కొలుస్తారు. చివరికి దగ్గర్లోని జూనియర్ కాలేజీలో ఏ గ్రూపు ఉంటే అదే ఆమె "ఇష్టం" అవుతుంది.

ఈ సంగతి మనకంటే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలకు బాగా తెలుసు. వాళ్లు అమ్మాయితో మాట్లాడరు, నేరుగా తండ్రి దగ్గరికి వెళ్తారు. "ఇంటి ముందే వ్యాను ఎక్కిస్తాం, హాస్టల్లో గేటు దాటనివ్వం" అంటారు. వాళ్లు అమ్మేది చదువొక్కటే కాదు, కాపలా కూడా.

చట్టం కూడా ఇక్కడే ఆడపిల్ల చెయ్యి వదిలేసింది. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఉచిత నిర్బంధ విద్యను 6 నుంచి 14 ఏళ్ల వరకే హామీ ఇస్తుంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలి. పది పాసయ్యే అమ్మాయికి 15, 16 ఏళ్లుంటాయి. అంటే చదువు హక్కు అయిపోయింది, పెళ్లి వయసు రాలేదు. ఈ నడిమి కాలంలో ఆమె ఏమవుతుందన్నది పూర్తిగా ఇంటివాళ్ల దయ మీద ఆధారపడి ఉంది.

"ఇంటి విషయాల్లో తలదూరిస్తే మనల్ని బడిలోకే రానివ్వరు" అని కొందరు వాలంటీర్లు అంటారు. ఈ భయం అర్థం లేనిది కాదు. కానీ తల్లిదండ్రులతో తగువు పెట్టుకోమని ఎవరూ అనడం లేదు. ముఖ్యంగా తల్లులతో కూర్చుని మాట్లాడాలి. తల్లినీ కూతురినీ కలిపి తీసుకెళ్లి కాలేజీనీ, హాస్టల్‌నీ చూపించాలి. కులం, ఆదాయ సర్టిఫికెట్లు మార్చిలోపే చేతికొచ్చేలా చూడాలి. తప్పినవాళ్లను వదిలేయకుండా సప్లిమెంటరీ ఫీజు కట్టించాలి. కాలేజీలు తెరిచిన రెండు నెలలకు మళ్లీ ఇంటికి వెళ్లి, చేరని అమ్మాయి ఎందుకు చేరలేదో తెలుసుకోవాలి.

ఇంకొక మాట. "ఆడపిల్లకు టీచరో నర్సో అయితే బాగుంటుంది" అన్న సలహా మనలో కొందరి నోటా వస్తోంది. ఆ అమ్మాయి కోరుకుంటే ఆ ఉద్యోగాలు మంచివే. ఆమె ఆడపిల్ల కాబట్టి మనం ఎంచిపెడితే మాత్రం, ఇంట్లో తండ్రి చేసే పనినే బయట మనం చేసినట్టు.

బస్సూ, హాస్టలూ, పన్నెండో తరగతి దాకా చదువు హక్కూ వాలంటీర్లు ఇవ్వగలిగినవి కావు. అవి ప్రభుత్వం ఇవ్వాలి. అయితే ఏ ఊళ్లో ఏ అమ్మాయి చదువు ఎందుకు ఆగిందో రాసిపెట్టగలిగేది మనమే. ఎన్ని బడులకు వెళ్లాం, ఎన్ని కరపత్రాలు పంచాం అన్న లెక్కలు రిపోర్టులకు పనికొస్తాయి. తాను కోరుకున్న చోట ఎందరు చేరారు, చేరనివాళ్లను ఏది ఆపింది అన్న లెక్కే మండలాఫీసు ముందు కూర్చున్నప్పుడు మన చేతిలో ఉండాలి.