పెన్నలో నీళ్లొచ్చినాయంట!

పోయిన సెమిస్టర్‌లో నాకు మ్యాథ్స్ పోయింది. రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కినాను. హాస్టల్‌కు పోయి తలుపేసుకుందామనే ఆలోచన.

బస్సు పెన్న బ్రిడ్జి మీదికి రాంగానే ఒక పెద్దాయన "నీళ్లొచ్చినాయి సూడండప్పా!" అని అరిచినాడు. అంతే, అందరూ కిటికీల వైపు ఒరిగినారు. కండక్టరన్న కూడా టికెట్లు ఆపి చూసినాడు. ఎప్పుడూ ఇసుక కనపడే చోట ఎర్రటి నీళ్లు. ఆ రెండు నిమిషాలు నాకు మ్యాథ్స్ గుర్తు రాలేదు.

బ్రిడ్జి దాటినాక దిగులు మళ్లీ వచ్చింది, దాచేదేముంది. కానీ ముద్దనూరు చేరేలోపు అమ్మకు ఫోన్ చేయగలిగినాను. "తిన్యావా నాయనా?" అనింది. చెప్పేసినా. కాసేపాగి, "మళ్లీ రాస్తువులే, ముందు తిను" అనింది.

అప్పట్నుంచి నా అభిప్రాయం ఇదే: చిన్న సంతోషం కష్టాన్ని తీర్చదు. కానీ కష్టం గురించి నోరు విప్పేంత ఊపిరి ఇస్తుంది.

మనం మాత్రం సంతోషాన్ని వాయిదాల మీద నడుపుతాం. సీటొస్తే అంటాం, సీటొచ్చినాక ప్లేస్‌మెంట్ వస్తే అంటాం. మన పెద్దోళ్లు అట్లా చేయలేదు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టే పెన్న ఇక్కడ ఏడాది పొడుగునా పారదని వాళ్లకు తెలుసు. అందుకే నీళ్లొచ్చిన రోజే పోయి చూసినారు.

చూసే కళ్లుంటే మనకూ తక్కువేం లేవు. ప్రొద్దుటూరు నుంచి వచ్చినోడు ఉగ్గాని బజ్జీ పొట్లం విప్పితే రూమంతా చేతులే. ఎర్రకారం పూసిన దోసె తిని, చెమటలు కక్కుతూ ఇంకోటి చెప్పడం. పులివెందుల దగ్గర చీనీ తోటలు పూతకొచ్చినప్పుడు బస్సు కిటికీలోంచి వచ్చే వాసన. వీటికి కటాఫ్ లేదు, పర్సెంటేజీ లేదు.

"వీటితో బ్యాక్‌లాగ్ పోతాదా?" అంటాడు మా రూమ్మేట్. పోదు. చదవాల్సిందే, రాయాల్సిందే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొన్ని దిగుళ్లకు ఉగ్గాని చాలదు. ఏదీ రుచించకుండా రోజుల తరబడి తలుపేసుకున్న స్నేహితుడికి "నవ్వరా" అని సలహా ఇస్తే లాభం లేదు. పక్కన కూర్చోవాలి. టెలి మానస్ నంబర్ 14416 చేతికివ్వాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ లైన్‌లో పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

సప్లీ రాసినా. రిజల్ట్ ఇంకా రాలేదు. పొద్దున నాయన ఫోన్ చేసినాడు. రిజల్ట్ అడుగుతాడేమో అనుకున్నా.

"పెన్నలో మళ్లీ నీళ్లొచ్చినాయంట రా, ఆదివారం వస్తావా?" అన్నాడు.

పోతాండా.