మందు అమ్మేచోటే జాగ్రత్తలు చెప్పించండి

వ్యవసాయ శాఖ కమిషనర్ గారికి,

2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మీద మొక్కజొన్న రైతులం ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జి కొడుతున్నాం. లీటరు నీటికి 0.4 గ్రాములు, మొక్క సుడిలో పడేలా. మందు తిన్న పురుగు కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, చావడానికి మాత్రం రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆ సంగతి తెలియని రైతు మర్నాడు కదులుతున్న పురుగును చూసి మళ్లీ కొడతాడు. డబ్బు దండగ, ఒంటికి చేటు, పైగా పురుగు ఆ మందుకు తట్టుకోవడం నేర్చుకుంటుంది.

తేనెటీగలకూ చేపలకూ ఈ మందు విషం. పురుగు చావడానికి రోజులు పడుతుందనీ, సాయంత్రం పూటే కొట్టాలనీ, పంపు చెరువులో కడగొద్దనీ డీలరే నోటితో చెప్పేలా ఆదేశాలివ్వండి. పంపు మోసేది ఎక్కువగా కూలీలే, పొట్లం మీది చీమతలకాయంత అక్షరాలు వాళ్లేం చదువుతారు? చేతి తొడుగులు, మాస్కులు సీజన్‌కు ముందే వాళ్లకు అందించండి.

ఇట్లు,
ఒక మొక్కజొన్న రైతు