ప్రతి బడిలో వారానికో చర్చా పీరియడ్ పెట్టాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు విన్నపం



1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. వేరే భాషల ప్రసంగాలను ఓపికగా విన్న ఆ సభ, న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసింది, ఎగతాళిగా చప్పట్లు చరిచింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో అది ఆంధ్ర మహాసభగా ఎదిగింది. 1941లో మన కోదాడ పక్కనున్న చిలుకూరులోనే రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదో మహాసభ జరిగింది. ఒక మనిషి మాటను చివరిదాకా విననందుకు కలిగిన బాధ ఎంత దూరం నడిపించిందో మన ప్రాంతానికి వేరే చెప్పాలా?

నూరేళ్లు దాటినా ఆ ఎగతాళి మన తరగతి గదుల్లో ఆగలేదు. దామరచర్ల వైపు తండాల నుంచి వచ్చే పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. బడిలో తెలుగు మాట ఒకటి తడబడితే పక్కవాళ్లు కిసుక్కుమంటారు. ఆ తర్వాత తెలిసిన జవాబు కూడా ఆ పిల్ల నోట రాదు. నవ్వినవాళ్లు చెడ్డ పిల్లలని మేము అనడం లేదు. ఎదుటివాళ్లు ముగించేదాకా ఆగాలని వాళ్లకు ఎవరు నేర్పారు? టీవీ పెడితే నలుగురు ఒకేసారి అరుస్తుంటారు. ఊళ్లో మీటింగయితే మైకు గుంజుకుంటారు. ఇంట్లో పిల్లలు ఏదో చెప్పబోతే మనం ఫోన్ చూస్తూ 'ఊఁ' కొడతాం. వాళ్లు నేర్చుకునేది మన దగ్గరే.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు: ఎగువ తూముల దగ్గర వంతు తప్పితే చివరి భూములు ఎండుతాయి. తరగతిలోనూ ముందు బెంచీ పిల్లలు నలుగురు చెయ్యెత్తకుండానే జవాబు చెప్పేస్తే వెనక బెంచీ దాకా ప్రశ్నే చేరదు. అక్కడ మిగిలేది ఎక్కువగా ఆడపిల్లలు, తండా పిల్లలు, నత్తి ఉన్నవాళ్లు, నిదానంగా ఆలోచించేవాళ్లు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి పరిశీలించారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, అంతవరకు మూగగా కూర్చున్న పిల్లలూ నోరు విప్పారు. మూడు సెకన్ల ఓపికకు నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

మేము అడిగేది ఇదీ. నాలుగో తరగతి నుంచి తొమ్మిది దాకా, సర్కారు బడి గానీ ప్రైవేటు గానీ, వారానికి ఒక పీరియడ్ పిల్లల చర్చకు కేటాయించాలి. అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ప్రతి వారం ఒక కొత్త పిల్ల లేదా పిల్లవాడు అధ్యక్షత వహించాలి. అందరికీ ఒక్కో వంతు వచ్చేదాకా ఎవరికీ రెండో వంతు లేదు. మాట్లాడడం ఇష్టం లేనివాళ్లు 'తర్వాత చెప్తా' అనవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది: ఎవరి మాటతోనైనా విభేదించే ముందు, ఆ మాటను తన మాటల్లో తిరిగి చెప్పి 'నువ్వన్నది ఇదేనా?' అని అడగాలి. అవతలివాళ్లు అవునన్న తర్వాతే తన వాదన. మొదట్లో పిల్లలకు ఇది చాలా కష్టం, పెద్దలకు మరీ కష్టం. కానీ వినడం అనేది నిజంగా జరిగిందో లేదో తేలేది అక్కడే. 'నీకేం తెలుసు', 'నోర్మూయ్' అనే మాటలు ఆ గదిలోకి రాకూడదు. ఆ పీరియడ్‌లో సార్లు, మేడమ్‌లు కూడా 'ఏరా', 'ఏమే' మానాలి, తమ అభిప్రాయం చిట్టచివర చెప్పాలి.

చర్చకు విషయాలు పిల్లల బతుకులోంచే రావాలి. గ్రౌండ్ పెద్ద తరగతుల వాళ్లకేనా, మధ్యాహ్న భోజనం వరుసలో ఎవరు ముందు, ఆడపిల్లలకు కబడ్డీ ఎందుకు పెట్టరు, ఇంట్లో ఫోన్ ఎంతసేపు?

ఇది కొత్త కోరిక కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లలను భయం లేకుండా చేసి తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకోనివ్వాలంటుంది. మన తెలుగు వాచకాల్లోనే వినడం, ఆలోచించి మాట్లాడడం అనే అభ్యాసం ఉంది. పరీక్షలో రాదు కనుక చాలాచోట్ల ఆ పేజీ దాటేస్తారు.

'పెద్దలకు ఎదురు చెప్పడం నేర్పుతారా?' అని కొందరు అడుగుతారు. భయంతో తల వంచిన పిల్లవాడు మన ఎదుట మాత్రమే వంచుతాడు, వీధిలో తనకన్నా చిన్నవాడి మీద అరుస్తాడు. తన మాట విన్న పెద్దల మీద పిల్లలకు గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. సిలబస్ వెనకబడుతుందన్న భయానికి మా జవాబు సూటిగా ఉంది: గోలను అణచడానికి రోజూ పోయే సమయం ముందు వారానికో పీరియడ్ ఎంత?

జూన్‌లో బడులు తెరిచేలోగా పది మంది తల్లిదండ్రులు కలిసి ఒక అర్జీ రాయండి. సర్కారు బడి అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఈ విషయం లేవనెత్తి, మినిట్స్‌లో రాయించండి. అర్జీ హెడ్‌మాస్టర్‌కు ఇచ్చి, ఒక ప్రతి ఎంఈఓకు పంపండి. 2016లో జిల్లాలు విడిపోయాయి కనుక సూర్యాపేట, కోదాడ వాళ్లు సూర్యాపేట డీఈఓకు, మిర్యాలగూడ వాళ్లు నల్లగొండ డీఈఓకు ఇంకో ప్రతి పంపాలి. రిటైరైన టీచర్లు వారానికో గంట ఇవ్వగలిగితే దగ్గరి బడిలో పేరు ఇవ్వండి. అర్జీ కింద పిల్లల సంతకాలు కూడా పెట్టించండి, ముందుగా వాళ్లకు చదివి వినిపించి, వాళ్లేమంటారో అడిగి.