ఆదివారపు బడి రిజిస్టరు



ఫిబ్రవరిలో ఒక రాత్రి మా సంఘపు పెద్ద ఒకాయన ఇంటికి వచ్చారు. ఆయన కుమారుడు, కోడలు టెక్సాస్‌లో కంప్యూటర్ ఉద్యోగులు, హెచ్‌-1బి వీసా మీద ఉన్నారు. మనుమలిద్దరూ ఇక్కడ నాయనమ్మ దగ్గర పెరుగుతున్నారు. పెద్దపిల్ల విజయనగరంలో పుట్టింది, చిన్నవాడు అమెరికాలో.

"అయ్యగారూ, చిన్న గుంటడు మొన్న ఆగస్టు దాకా అమెరికాలోనే ఉన్నాడని సంఘం లెటరుహెడ్డు మీద ఓ కాయితం రాసిచ్చీండి. అక్కడ మావోడికి టాక్సు తగ్గుతాదట" అన్నారు.

దాచడమెందుకు, నేను వెంటనే కాదనలేకపోయాను. మన మందిరానికి మైకు సెట్టు కొనిచ్చింది ఆ అబ్బాయే. ఆలోచించి చెబుతానని పంపించి, మరునాడు విశాఖపట్నంలో ఈ లెక్కలు చూసే ఒకాయనను అడిగాను.

వర్క్ వీసా మీద ఉన్నా, సంవత్సరంలో ఎక్కువ రోజులు అక్కడే గడిపినవారు పన్ను విషయంలో ఆ దేశ నివాసుల కిందికే వస్తారు. పిల్లలను డిపెండెంట్లుగా చూపుకోవచ్చును. అయితే బిడ్డ ఆ దేశ పౌరుడైనా కావాలి, అక్కడి నివాసియైనా కావాలి. కెనడా, మెక్సికోలలో నివసించే బిడ్డలకు సడలింపు ఉంది, మన దేశంలో ఉన్నవారికి లేదు. కనుక ఇండియా పాస్‌పోర్టుతో ఇక్కడే ఉన్న పెద్దపిల్లకు తండ్రి ఎంత డబ్బు పంపినా ఆ కాగితంలో చోటు లేదు. చిన్నవాడు పౌరుడు. కాని 2025 సంవత్సరానికి 2,200 డాలర్ల వరకు తగ్గింపు రావాలంటే, సగం సంవత్సరం కంటే ఎక్కువ తల్లిదండ్రులతో ఒకే ఇంట ఉండాలి. సెలవులకో, వైద్యానికో వెళ్ళి తిరిగి వచ్చేవాడైతే ఇంట్లో ఉన్నట్టే లెక్కిస్తారు. అమ్మమ్మల, నాయనమ్మల ఒడిలో ఏళ్ళ తరబడి వదిలేస్తే అలా లెక్కించరు. పోషణ ఖర్చులో సగానికి పైగా తండ్రే భరిస్తుంటే, వేరే విధంగా 500 డాలర్ల తగ్గింపు మాత్రం దొరుకుతుంది. మోసంతో తీసుకున్నట్టు తేలితే పదేళ్ళు ఆ తగ్గింపే ఇవ్వరు.

(మన ఉద్దానం నుండి సౌదీకి వెళ్ళిన కుటుంబాలకు ఇది తలక్రిందుల కథ. అక్కడ జీతం మీద పన్ను లేదు గాని, కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నందుకు 2017 జూలై నుండి తలకు నెలకు 100 రియాళ్ళు విధించి, 2020 నాటికి 400 చేశారు. చాలామంది పిల్లలను తిరిగి పంపేశారు.)

అంటే నా సంతకం ఖరీదు 1,700 డాలర్లు. ఆదివారపు బడి రిజిస్టరు తీసి చూశాను. 2025 ఏప్రిల్ మూడో వారం నుండి వాడి పేరు ఉంది, ఒక్క వారమే గైర్హాజరు, జ్వరం.

శనివారం ఆ అబ్బాయే ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, రెండు ముక్కలే కదా."

"రాస్తాను బాబూ. ఏప్రిల్ అని రాస్తాను."

"అలా రాస్తే నాకు పనికిరాదండి. మిమ్మల్ని ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు. కాని వాడికి హాజరు వేసింది మా ఆవిడే. వాడు మీ అమ్మగారిని 'అమ్మా' అని పిలుస్తాడు, ఆ సంగతి నీకు తెలుసా?"

చాలాసేపు మాట లేదు. కోపం వచ్చిందనుకున్నాను. అలా అనకపోయినా బాగుండేదేమో.

"నేనెదురుపడితే గుర్తుపడతాడా అండి?" అన్నాడు చివరికి.

నాకు తెలియదన్నాను.

ఏప్రిల్ అని రాసిన ఉత్తరం పెద్దాయన చేతికిచ్చాను. ఆయన రెండు ఆదివారాలు ముందు వరుసలో కూర్చోలేదు. మూడో ఆదివారం వచ్చి, పిల్లలిద్దరినీ తీసుకెళ్ళడానికి కొడుకు వస్తున్నాడని చెప్పారు. చిన్నవాడికి అమెరికా పాస్‌పోర్టు ఉంది. పెద్దపిల్లకు డిపెండెంటు వీసా కోసం హైదరాబాదు కాన్సులేటుకు వెళ్ళాలి. ఆమె జూన్ నెలాఖరుకు అక్కడికి చేరితే 183 రోజుల లెక్క నిండుతుంది, ఐ.టి.ఐ.ఎన్. నంబరు తీసుకొని ఆమె పేరు కూడా రిటర్నులో రాయవచ్చును.

నాయనమ్మ మాత్రం ఇంకా ఎవరితోనూ మాట్లాడడం లేదు.