నా ఫోనుకి చీకటంటే పడదు

హెచ్‌డీఆర్ ఫోటోలంటే ఇప్పటికీ మొహం చిట్లించేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎందుకో తెలియాలంటే 2006-2010 మధ్యలో ఫ్లికర్‌లో జనం పెట్టిన ఫోటోలు ఓసారి తిరగేయండి. ఊదారంగు మేఘాలు, ఇనుప బ్రష్షుతో గీకినట్టుండే పాత కార్లు, గోపురాల చుట్టూ కేలండర్లో దేవుడి వెనకాల ఉండే తేజోవలయం లాంటి తెల్లటి అంచు. అదో మోజు. మోజు పోయింది, చెడ్డపేరు మిగిలింది. ఏడాదిగా సెలవు దొరికినప్పుడల్లా నేను చేస్తున్నది ఇదేనని చెప్తే, మా టీములో ఫోటోల పిచ్చి ఉన్న మిత్రుడు "అదింకా బతికే ఉందా?" అన్నాడు.

బతికే ఉంది నాయనా, నీ జేబులోనే ఉంది. నువ్వు నొక్కిన ప్రతిసారీ పని చేస్తూనే ఉంది. నన్నడిగితే ఆ పాత అతి ఫోటోలే నయం. "మమ్మల్ని బాగా మార్చారు" అని అవి మొహమ్మీదే చెప్పేవి. ఇప్పుడు ఫోను అదే పని చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటోంది. నా గొడవల్లా అదే.

ఇది తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను. టీవీల డబ్బాల మీద రాసి ఉండే హెచ్‌డీఆర్ వేరు, దాని జోలికి ఇప్పుడు వెళ్ళను.

మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులుంటుంది. మన ఆఫీసులో బల్ల మీద 500 ఉంటే బాగా ఉన్నట్టే. నల్లగొడుగు తన మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు వంతులు తిప్పి పంపుతుందనుకోండి, తెల్లకాయితం ఎనభై వంతులు. ఎండలో గొడుగు లెక్క 4000, ఆఫీసులో కాయితం లెక్క 400. అంటే ఎండలో ఉన్న నల్లగొడుగు నుంచి కంటికి చేరే వెలుగు, గదిలో ఉన్న తెల్లకాయితం నుంచి చేరేదానికి పది రెట్లు. అయినా గొడుగు నల్లగానే కనిపిస్తుంది, కాయితం తెల్లగానే కనిపిస్తుంది. ఇది ఎండలో ఉంది, అది గదిలో ఉంది అన్న సంగతి మెదడు లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి.

కెమేరా సెన్సారుకి ఆ తెలివి లేదు. దానికి వెలుగంటే ఒక అంకె. ఎక్కువ పడితే 255 దగ్గర ఆగిపోతుంది, మరీ తక్కువ పడితే నాయిస్‌లో కలిసిపోతుంది. వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు అంటారు, మన లెక్కలో ఒక బిట్టు అనుకోండి. ఇప్పటి మంచి కెమేరాలు 14 స్టాపుల దాకా పట్టుకుంటాయి. సెకండ్ హ్యాండులో కొన్న నాది అంత పట్టదు. ఎండా నీడా ఒకే ఫ్రేములో పడితే ఎంత మంచి కెమేరా అయినా ఏదో ఒకటి వదులుకోవాల్సి రావచ్చు. అంచేత కెమేరా కదపకుండా ఒకే దృశ్యాన్ని వేరువేరు ఎక్స్‌పోజర్లతో నాలుగైదు ఫోటోలు తీసి, ఒక్కోదాంట్లో బాగున్న ముక్కని వాడుకుంటారు. అదే హెచ్‌డీఆర్.

ఆలోచన మన కాలానిది కాదు. గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి ఆయన 1850లలోనే సముద్రానికో నెగెటివు, ఆకాశానికో నెగెటివు వాడి ఒకే ప్రింటు వేశాడు. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ కలిసి మామూలు ఫోటోల్లోంచి అసలు వెలుగు ఎంతుందో లెక్కగట్టే పద్ధతి సిగ్రాఫ్‌లో చెప్పారు. 2005లో ఫోటోషాప్ సీఎస్2లోకి ఈ సదుపాయం వచ్చింది. ఆ తర్వాతే ఊదారంగు మేఘాల వాన.

ఈ గొడవంతా నాకు స్పష్టంగా అర్థమైంది మాత్రం రామప్ప గుడిలో. ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, శాసనం 1213 నాటిది, కట్టించింది కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 2021లో యునెస్కో జాబితాలో చేరాక హైదరాబాదు నుంచి వారాంతాల్లో వెళ్ళేవాళ్ళు బాగా పెరిగారు కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. గుడి ఒళ్ళంతా ఎర్ర ఇసకరాయి. చూరు కింద వంగి నిలబడ్డ మదనికలూ, లోపల రంగమండపంలో నడుమనున్న నాలుగు స్తంభాలూ మాత్రం నల్లరాయి. నునుపంటే అలాంటిలాంటి నునుపు కాదు, నిగనిగలాడుతుంటాయి. మండపంలో నిలబడితే పక్కల్నుంచి ఎండ కళ్ళలో కొడుతుంది, పైన కప్పు మీది చెక్కడాలు మసకగా ఉంటాయి. హెచ్‌డీఆర్ సరదా ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. నేను బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డసంచి తీసుకెళ్ళి, దాన్ని అరుగు మీద పెట్టి, దాని మీద కెమేరా పెట్టాను. ఐఎస్ఓ 100, ఎఫ్/8. బయటి ఎండకి 1/400 సెకను సరిపోయింది. లోపల కప్పుకి రెండున్నర సెకన్లు పట్టింది. వెయ్యి రెట్ల తేడా, అంటే పది స్టాపులు. నాలుగేసి రెట్లు పెంచుకుంటూ పోతే ఆరు ఫోటోలు. మార్చాల్సింది షట్టరు వేగం ఒక్కటే. ఎపర్చరు మారిస్తే ఫోకసులో ఉండే లోతు మారిపోయి ఫోటోలు ఒకదానితో ఒకటి కలవవు. మధ్యలో ఎవరైనా నడిచారో, దెయ్యమైపోతారు. ఆ రోజు ఓ పెద్దాయన ప్రదక్షిణం చేస్తూ నాలుగు ఫ్రేముల్లో నాలుగు చోట్ల పడ్డాడు. కలిపి చూస్తే తల ఓ స్తంభం దగ్గర, పంచె ఇంకో స్తంభం దగ్గర :)

ఇంటికొచ్చాక పని రెండు మెట్లు. మొదటి మెట్టులో ప్రతి పిక్సెలుకీ ఆరు అంకెలు చేతిలో ఉంటాయి. ఒక్కోదాన్నీ దాని ఎక్స్‌పోజరు కాలంతో భాగిస్తే అక్కడ వెలుగెంతో ఓ అంచనా వస్తుంది. 255 దగ్గరా సున్నా దగ్గరా ఉన్నవాటిని నమ్మకుండా, మధ్యలో ఉన్నవాటికి ఎక్కువ విలువిచ్చి సగటు తీస్తారు. ఇందులో పేచీ ఏమీ లేదు, ఇది కొలత.

రెండో మెట్టు టోన్ మ్యాపింగు. వెయ్యి రెట్ల తేడాని మానిటరు చూపించగలిగే చిన్న పరిధిలోకి కుక్కాలి. ఏది తగ్గాలి, ఏది పెరగాలి, నీడలో ఎంత కనబడాలి? వీటికి లెక్కల్లో జవాబు లేదు. ఎవరో ఒకరు అనుకోవాలి, అంతే. ఇది అభిప్రాయం. అభిప్రాయాన్ని కొలతలా చూపిస్తేనే నాకు చిరాకు.

ఉదాహరణకి 2007లో మెర్టెన్స్, ఇంకో ఇద్దరు కలిసి ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అని ఓ పద్ధతి చెప్పారు. మొదటి మెట్టు ఎక్కకుండానే ఆరు ఫోటోల్నీ నేరుగా కలిపేయొచ్చు. చాలా అందమైన పద్ధతి, నేను రోజూ వాడేది అదే. ఏ పిక్సెలు ఏ ఫోటోలోంచి ఎంత తీసుకోవాలో తేల్చడానికి అందులో మూడు కొలబద్దలున్నాయి. ఒకటి కాంట్రాస్టు, రెండోది రంగు గాఢత, మూడోది పిక్సెలు విలువ 0.5కి ఎంత దగ్గరగా ఉందన్నది. సున్నా అంటే నలుపు, ఒకటి అంటే తెలుపు. సగానికి దగ్గరగా ఉంటే "బాగా ఎక్స్‌పోజ్ అయింది" అని మార్కులు పడతాయి.

కోడ్ రివ్యూలో ఇలాంటి అంకె కనిపిస్తే మనం ఏం చేస్తాం? "ఈ 0.5 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని కామెంటు పెడతాం. ఇక్కడా అదే అడగాలి. ప్రపంచంలో ప్రతి వస్తువూ సగం బూడిదరంగులో ఉండాలని ఎవరన్నారు? ఆ కొలబద్ద చేతిలో పెడితే రామప్ప నల్లస్తంభం ఏమవుతుందో చూడండి. దానికి 0.5కి దగ్గరగా వచ్చిన ఫ్రేము రెండున్నర సెకన్లది. అక్కడ నలుపు బూడిదరంగైపోయి ఉంటుంది. దానికే మార్కులెక్కువ కాబట్టి ఆఖరి ఫోటోలోకి అదే ఎక్కువగా వస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళ కింద శిల్పి ఎంతో ఓపిగ్గా నునుపు పెట్టిన నల్లరాయి, మొన్న పోసిన సిమెంటు దిమ్మలా తయారవుతుంది. ప్రతి గీతా కనిపిస్తుంది, నలుపు తప్ప.

ఒక పిక్సెలు విలువ 30 ఉంది. అది నీడలో ఉన్న ఎర్రరాయా, వెలుగులో ఉన్న నల్లరాయా? అంకె చూసి చెప్పలేం. మొదటిదైతే పైకి లేపాలి, రెండోదైతే ముట్టుకోకూడదు. అక్కడ నిలబడి చూసినవాడికి తెలుస్తుంది. నేను మూడో కొలబద్ద బలం బాగా తగ్గించి, స్తంభాలకి మాత్రం విడిగా మాస్కు గీసుకుని, పొట్టి ఎక్స్‌పోజర్ల వైపు మొగ్గేట్టు చేశాను. ఓ పూట పట్టింది. స్తంభం మొదట్లో ఏమీ కనిపించదు, అక్కడ నిజంగానే ఏమీ కనిపించలేదు మరి.

రాయి సంగతి కాబట్టి ఇంతసేపూ సరదాగా మాట్లాడుకున్నాం. అదే మనిషి మొహమైతే?

మా పిన్ని చామనచాయ. పండక్కి వెళ్ళినప్పుడు కిటికీ పక్కన కూర్చుని పూలు కడుతుంటే ఫోనుతో ఓ ఫోటో తీశాను. ఫోను ఆవిడ మొహాన్ని నీడ అనుకుని లేపేసింది. బ్యూటీ ఫిల్టర్లూ గట్రా ఏమీ పెట్టలేదు, మామూలు కెమేరానే. ఫోటో చూసి పిన్ని "ఇందులో బావున్నానే" అని మురిసిపోయి, వెంటనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టమంది. పెట్టాను. ఆవిడకి అంతగా నచ్చడమే నాకు గుచ్చుకుంది.

మనకిది కొత్తేం కాదు, నిజమే. పెళ్ళిచూపులకి పంపే ఫోటోలకి స్టూడియోలో రంగు పెంచడం ఎప్పట్నుంచో ఉంది. కానీ అక్కడ అడిగేవాళ్ళు ఉండేవారు, పెంచేవాడు ఉండేవాడు, ఎంత పెంచాడో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇక్కడ ఎవరూ అడగలేదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి పంపిన కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లమ్మాయిల ఫోటోలే ఉండేవి. 2021లో గూగుల్ పిక్సెల్ 6తో పాటు రియల్ టోన్ అని తెచ్చి, ముదురు రంగు చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికి ప్రత్యేకంగా పని చేశామని చెప్పుకుంది. అంత పెద్ద కంపెనీ అంత పని పెట్టుకుందంటే, అంతకు ముందు సమస్య ఉన్నట్టే కదా.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఫోనులో జరిగేది గొప్ప ఇంజినీరింగు. గూగుల్ వాళ్ళ హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి, 2016లో పేపరుగా వచ్చింది, చదివితే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నాలాగా వేరువేరు ఎక్స్‌పోజర్లు తియ్యకుండా, తక్కువ వెలుగుతో గబగబా కొన్ని ఫ్రేములు తీసి, చేతి వణుకు సరిచేసి, కలిపి నాయిస్ తగ్గిస్తుంది. ఇదంతా లేనప్పుడు కిటికీకి ఎదురుగా తీసిన పిల్లల మొహాలు మసిబొగ్గుల్లా వచ్చేవి. కన్ను కూడా ఒక్కో చోటికీ సర్దుకుంటూ చూస్తుంది కాబట్టి, ఒక్క ఎక్స్‌పోజరు ఫోటో కంటే హెచ్‌డీఆరే మన చూపుకి దగ్గర అని వాదించేవాళ్ళున్నారు. ఒప్పుకుంటాను. కాకపోతే కన్ను నల్లగొడుగుని తెల్లగా చెయ్యదు.

మొన్న వర్షాలకి మా ఊళ్ళో రెండు రాత్రులు కరెంటు లేదు. తమ్ముడు పంపిన ఫోటోలో అమ్మమ్మ కొవ్వొత్తి ముందు కూర్చుని ఉంది. వెనక గోడ మీద కేలండర్లో తిథులు కూడా చదువుకోవచ్చు! కరెంటు పోయిందంటే ఎవడూ నమ్మడు. పదేళ్ళ తర్వాత ఆ ఫోటో చూసేవాళ్ళకి ఆ రాత్రి ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

అందుకే ఫోటోల మీద కాస్తంత ఇష్టం ఉన్న ప్రతి సాఫ్టువేరు మనిషీ ఒక్కసారైనా హెచ్‌డీఆర్ చేత్తో చేసి చూడాలంటాను. పెద్ద ఖర్చు లేదు. ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ ఉన్న ఏ పాత కెమేరా అయినా చాలు. కలపడానికి ఎన్‌ఫ్యూజ్ ఉచితం. కోడు రాసుకోవాలనుంటే ఓపెన్‌సీవీలో డెబెవెక్ పద్ధతీ, మెర్టెన్స్ పద్ధతీ రెండూ ఉన్నాయి, పైథాన్‌లో పది పదిహేను లైన్లకి మించదు. బరువులు ఒక్కోటీ మార్చి చూడండి, ఒకే గుడి ఎన్ని రకాలుగా మారుతుందో. కెమేరా లేకపోతే ఫోనులోనే రా ఫైలు దాచే సదుపాయం ఉందేమో సెట్టింగుల్లో వెతకండి. ఉంటే దాన్నీ, ఫోను ఇచ్చిన జేపెగ్‌నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొన్ని ఫోన్లలో రా కూడా ముందే కొంత కలిపి ఇస్తారు గానీ, టోన్ మ్యాపింగు మాత్రం మీ చేతిలోనే ఉంటుంది.

రామప్పకే వెళ్ళేట్టయితే పొద్దున్నే వెళ్ళండి. గుడి తూర్పుముఖం కాబట్టి అప్పటి వెలుగు మండపంలోకి బాగా వస్తుంది, జనం కూడా పల్చగా ఉంటారు. బియ్యం సంచి మాత్రం మర్చిపోకండి. కిలో సరిపోతుంది, సన్నబియ్యమే కానక్కర్లేదు.